సైరన్ మోగిన ఊళ్ళో ఆటల పీరియడ్డు

భీమిలి,
జూన్ 2025

అమ్మడూ, ఆశీస్సులు.

ఆదివారం నువ్వు ఫోన్ చేసినప్పుడు సగం మాట వినబడింది, సగం వినబడలేదు. తప్పు నా చెవులదో, మీ ఊరి సిగ్నల్‌దో. నాకు అర్థమైనంతవరకు సంగతి ఇది. జులైలో బడి తెరవగానే ప్రార్థన, క్లబ్బులు, ఆటలు మూడూ నీ నెత్తిన పెట్టారు. మే నెలలో పాకిస్తాన్ డ్రోన్లు ఎగిరిన మీ పంజాబ్ సరిహద్దు ఊళ్ళో పిల్లల్ని మళ్ళీ గ్రౌండులో నిలబెట్టాలంటే నీకు టెన్షన్‌గా ఉంది. "తాతయ్యా, డెబ్బయ్యొకటి యుద్ధంలో మీరేం చేశారు?" అని అడిగావు. ఫోన్లో తేలే సంగతి కాదు కాబట్టి పక్కింటి కుర్రాడి చేత టైపు చేయిస్తున్నాను. వాడు మధ్యమధ్యలో "ఇది అవసరమా తాతా" అంటున్నాడు. అవసరమే, కొట్టరా అంటున్నాను.

నా అనుభవం నీ కష్టానికి సరితూగదు, అది ముందే చెప్పుకోవాలి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేసినప్పుడు నాకు రెండేళ్ళు. మా అమ్మ నన్ను చంకనేసుకుని పుట్టింటికి పరిగెత్తిందని ఇంట్లో చెప్పగా విన్నదే. ఆంధ్రా యూనివర్సిటీ అంతటిదే మూటాముల్లె కట్టుకుని గుంటూరు పోయిన రోజులవి. చైనా యుద్ధం వచ్చిన 1962లోనే నేను డ్రిల్లు మాస్టారుగా చేరాను. అరవయ్యైదు చూశాను, డెబ్బయ్యొకటి చూశాను. అయితే మా యుద్ధాలు రేడియోలో జరిగాయి, మీది డాబా మీంచి కనబడింది. పైగా డెబ్బయ్యొకటి యుద్ధం పదమూడు రోజుల్లో అయిపోయింది. మరుసటి ఏడాది జై ఆంధ్ర ఉద్యమంలో మా బళ్ళు నెలల తరబడి మూతపడ్డాయి. చదువు లెక్కన చూస్తే మాకు యుద్ధం కంటే అదే పెద్ద దెబ్బ. కాబట్టి ఇందులో నీ ఊరికి పనికొచ్చేది తీసుకో, మిగతాది ముసలాడి చాదస్తం అనుకో.

ప్రార్థనతో మొదలుపెడతాను. బడి నాడి తెలిసేది అక్కడే.

1971 డిసెంబర్ 3 శుక్రవారం. సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన వైమానిక స్థావరాల మీద పడ్డాయి. అర్ధరాత్రి దాటాక ఇందిరాగాంధీ రేడియోలో మాట్లాడారు. అదే రాత్రి విశాఖ రేవు బయట పాకిస్తాన్ వాళ్ళ ఘాజీ జలాంతర్గామి మునిగిపోయింది. మునిగిందని మాకప్పుడు తెలియదు. పెద్ద శబ్దం విన్నామని కొందరు, కిటికీ తలుపులు గడగడలాడాయని కొందరు చెప్పుకున్నారు. తెల్లారితే శనివారం, ఒంటిపూట బడి. ప్రార్థనకి వచ్చిన నాలుగు వందలమంది పిల్లల దగ్గర నాలుగు వందల కథలున్నాయి. శత్రువులు పడవల్లో దిగారని ఒకడు, లైటుహౌసు పేల్చేశారని ఒకడు. లైటుహౌసు బడి వరండాలోంచి కనబడుతూనే ఉంది, అయినా వాడి కథ వాడిదే.

మా హెడ్మాస్టారు ఉపన్యాసం ఇవ్వలేదు. బల్ల బోర్డు ఒకటి బయటికి తెప్పించి మధ్యన నిలువుగా గీత గీశారు. ఎడమపక్క "తెలిసింది" అని రాశారు, కుడిపక్క "విన్నది" అని. ఆకాశవాణి వార్తల్లో చెప్పిందీ, పేపర్లో వచ్చిందీ ఎడమకి. పిల్లలు తెచ్చింది ఏదైనా సరే, ఎగతాళి చేయకుండా కుడికి. రోజూ ప్రార్థనలో ఇద్దరు పిల్లలు ఆ బోర్డు చదివేవారు. కుడిపక్కది నిజమని తేలితే అందరి ముందూ చెరిపి ఎడమకి మార్చేవారు. వారం తిరిగేసరికి కుడిపక్క చోటు చాలలేదు. ఎడమపక్క ఏడెనిమిది వరసలు కూడా లేవు. ఘాజీ సంగతి కొన్నాళ్ళు కుడిగడిలోనే ఉండి, ప్రభుత్వం ప్రకటించాక ఎడమకి వచ్చింది. ఆ రోజు పిల్లలు చప్పట్లు కొట్టారు. జలాంతర్గామి మునిగినందుకు కొట్టారో, గడి మారినందుకు కొట్టారో నాకిప్పటికీ తెలీదు.

నువ్వు ఈ ఒక్క పనీ చెయ్యి, చాలు. మొన్న మే నెలలో ఫోన్లలో వీడియో గేముల ముక్కలు కూడా యుద్ధం దృశ్యాలని తిరిగాయి. మీ పిల్లల చేతుల్లో ఫోన్లున్నాయి, మా వాళ్ళకి నోళ్ళే ఉండేవి. వాట్సాప్‌లో వచ్చింది కుడిగడికే. టీవీలో అరిచి చెప్పింది కూడా రెండు రోజులు కుడిగడిలో నాననీ. నీకు తెలియనిది పిల్లలు అడిగితే "నాకు తెలీదు, సాయంత్రానికి కనుక్కుంటాను" అను. "ఏం కాదు, భయపడకండి" అని మాత్రం అనకు. మీ జిల్లాలోనే డ్రోన్ పడి ఒక ఇల్లు తగలబడి, ఇంట్లోవాళ్ళకి ఒళ్ళు కాలింది. ఏం కాదన్న టీచర్ మాట ఆ తర్వాత ఏ పిల్లాడు నమ్ముతాడు? నిజంగా అభయం ఇవ్వాలంటే పని చెప్పు: సైరన్ మోగితే ఏ తరగతి ఏ గోడ దగ్గరికి వెళ్ళాలి, ఎవరు ఎవరి చెయ్యి పట్టుకోవాలి, నువ్వు ఎక్కడ నిలబడతావు. నువ్వు నిలబడే చోటు పిల్లలకి తెలియడం చాలా ముఖ్యం.

ప్రార్థనని చిన్నది చెయ్యి. బడి మొత్తాన్నీ అరగంట గ్రౌండులో నిలబెట్టే రోజులు కావివి. మేము తరగతుల వారీగా వరండాల్లో నిలబెట్టాం. ప్రార్థన గీతం, ప్రతిజ్ఞ, బోర్డు, తలల లెక్క. ఏడు నిమిషాలు. తలల లెక్క హాజరు పట్టీ కోసం కాదు. నిన్న వచ్చి ఇవాళ రానివాడు ఎవడో ప్రార్థనలోనే తెలిస్తే, మధ్యాహ్నానికల్లా ఎవరో ఒకరు వాడింటికి వెళ్ళి చూసి రావచ్చు. మా మత్స్యకారుల పేట పిల్లలు నాలుగు రోజులు వరసగా రాలేదు. దీపాలార్పే రోజులని పెద్దవాళ్ళలో చాలామంది రాత్రి వేట మానేశారు, ఇంట్లో పొయ్యి సరిగా వెలగడం లేదు. భయంతో రాలేదనుకున్నాం, ఆకలితో రాలేదు.

గంట విషయంలో నేను చేసిన తెలివితక్కువ పని చెబుతాను. ప్రమాద సూచనకి పొడుగ్గా గంట కొట్టాలని నిర్ణయించాను. సాయంత్రం ఇంటిగంట కూడా పొడుగు గంటేనన్న సంగతి నాకు తట్టలేదు. రెండో రోజు ప్యూను నాలుగున్నరకి గంట అందుకోగానే ఆరో తరగతి పిల్లలు బల్లల కింద దూరారు, పదో తరగతి వాళ్ళు గేటు వైపు పరిగెత్తారు. ఒక అమ్మాయికి మోకాలు చిట్లింది. అప్పట్నుంచీ గంట బడి పనికీ, పళ్ళెం మీద గరిటె దెబ్బ ప్రమాదానికీ అని విడదీశాం. ఊరి సైరన్ నీ చేతుల్లో లేదు. హెచ్చుతగ్గులుగా ఊళవేస్తే ప్రమాదం, ఒకే స్వరంలో సాగితే ప్రమాదం తప్పినట్టు, ఒక్కొక్కటి రెండు నిమిషాలు. ఈ తేడా పిల్లల చేత నోటితో పలికించు. వాళ్ళకి ఊళ వెయ్యడమంటే మహా సరదా. మొన్న మే 7న విశాఖలోనూ హైదరాబాద్‌లోనూ మాక్ డ్రిల్ చేసినప్పుడు మా వీధిలో చదువుకున్న పెద్దవాళ్ళకే ఏది ఏదో తెలియలేదు. నీ ఈల మాత్రం ఆటలకే వాడు. ఈల వింటే పిల్లలకి ఒళ్ళు ఉప్పొంగాలి గానీ ఉలిక్కిపడకూడదు.

ఇక ప్రతిజ్ఞ. మీ బడిలో రోజూ హిందీలో చెప్పిస్తారు కదా, అది తెలుగులో పుట్టిందని అక్కడ ఎవరికైనా చెప్పావా? నల్గొండ జిల్లా అన్నెపర్తి మనిషి పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు, విశాఖలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు, 1962లో రాశారు. తెన్నేటి విశ్వనాథం గారి ద్వారా అది విద్యామంత్రి పి.వి.జి. రాజు గారికి చేరింది. 1965 జనవరి 26 నుంచి దేశమంతటా బళ్ళలో చెప్పించడం మొదలైంది. నేను ఉద్యోగంలో చేరిన ఏడాది, నేను పుట్టి పెరిగిన జిల్లాలో పుట్టిన మాట కనుక నాకు కాస్త గర్వం. అది కాదు నేను చెప్పబోయేది. అది రాసిన ఏడాది చైనాతో యుద్ధం జరిగిన ఏడాది. అయినా అందులో శత్రువు అన్న మాటే లేదు. చంపుతాం, చస్తాం అని లేదు. సహోదరులు, మర్యాద, సేవ, తెలుగు పాఠంలో అయితే జంతువుల పట్ల దయ కూడా. ప్రార్థనలో ఏ మాట పలికించాలి, ఏది పలికించకూడదు అని నీకు ఎప్పుడు సందేహం వచ్చినా ఆ ప్రతిజ్ఞతో పోల్చి చూసుకో. స్టేజి మీద గొంతు చించుకునే నినాదాలు పెట్టమని ఎవరైనా ఒత్తిడి చేస్తారు. కమిటీ వాళ్ళో, ఊరి పెద్దలో. జాతీయగీతం నిటారుగా నిలబడి పాడిస్తాను అని చెప్పి తప్పించుకో. దాన్ని ఎవరూ కాదనలేరు.

ఇప్పుడు చెప్పబోయేది నాకు ఇష్టం లేని జ్ఞాపకం. మా ఎనిమిదో తరగతిలో ఒక పిల్లాడి తండ్రి నేవీలో ఉండేవాడు, ఓడ మీద. యుద్ధం మొదలైన నాలుగో రోజు ప్రార్థనలో వాణ్ని స్టేజి మీదికి పిలిచి, "వీరుడి కొడుకు" అని భుజం తట్టి, చప్పట్లు కొట్టించాను. మంచి పనే చేశాననుకున్నాను. మర్నాడు వాడు ప్రార్థన అయ్యాక వచ్చాడు. ఆ మర్నాడూ అంతే. గోడ పక్కన నిలబడి, పాట ఆగాక లోపలికి వచ్చేవాడు. రెండు బెత్తం దెబ్బలు కూడా వేశాను, ఆలస్యానికి. చివరికి క్రాఫ్టు టీచరమ్మ కూర్చోబెట్టి అడిగితే చెప్పాడట: "మాస్టారు మళ్ళీ పిలిస్తే, నాన్న పోయాడని చెప్పడానికే పిలిచారనుకుంటాను." వాళ్ళ నాన్న క్షేమంగా వచ్చాడు. వాడికిప్పుడు అరవై దాటి ఉంటాయి. ఎక్కడున్నాడో గానీ, ఆ రెండు దెబ్బలు నాకింకా తగులుతూనే ఉన్నాయి. మీ బడిలో సైనికుల పిల్లలు, బీఎస్ఎఫ్ వాళ్ళ పిల్లలు బోలెడుమంది ఉంటారు. వాళ్ళెవరో నువ్వు తెలుసుకో, కనిపెట్టి ఉండు. నలుగురిలో నిలబెట్టకు.

ఆటల సంగతికి వస్తాను.

యుద్ధం మొదలవగానే "దేశం ఇలా ఉంటే ఆటలేమిటి" అన్నారు పెద్దలు. నాకూ సబబే అనిపించి వాలీబాల్ నెట్ విప్పి చుట్టి బీరువాలో పెట్టేశాను. బాంబులు పడితే దూరి దాక్కోడానికి గ్రౌండులో ట్రెంచీలు తవ్వించాం, ఎల్ ఆకారంలో. సముద్రపు ఊరి ఇసుక నేల, పొద్దున తవ్వింది సాయంత్రానికి అంచులు కూలేది. ఆటల పీరియడ్డు మొత్తం మార్చింగే. మూడు రోజులు పిల్లలు ఉత్సాహంగా కాళ్ళు బాదారు, నాలుగో రోజు నుంచి బడిలో తగాదాలు మొదలయ్యాయి. పలకలు పగలడం, చొక్కాలు చిరగడం. ఆటలు ఆపితే పిల్లలు ఆడడం మానరు, మనం నేర్పని ఆట ఆడతారు. ట్రెంచీల్లో దూరి "యుద్ధం ఆట" మొదలెట్టారు. ఆ ఆటకి ఒక పక్షం పాకిస్తాన్ కావాలి. అటు ఎవరు నిలబడతారు? ఎవరికీ ఇష్టం లేదు. మా తురక వీధి పిల్లలు ఐదుగుర్ని అటు తోశారు. వాళ్ళు నిలబడ్డారు, రాళ్ళు తిన్నారు, ఇంటికెళ్ళి ట్రెంచీలో పడ్డామని చెప్పారు. నాకు తెలిసేసరికి రెండు రోజులు గడిచాయి. డ్రిల్లు మాస్టార్ని అయ్యుండి గ్రౌండులో ఏ ఆట జరుగుతోందో చూసుకోలేదు.

ఆ సాయంత్రమే నెట్ మళ్ళీ కట్టాను. జట్లు నేనే వేశాను, వీధులు కలిపేసి. తగిలిన దెబ్బ ఇంకా కమిలి ఉన్న ఒక పిల్లాణ్ని కబడ్డీ జట్టుకి కెప్టెన్ చేశాను. వాడు కూత పెడితే అవతలి గీత దాటేదాకా ఊపిరి తెగేది కాదు, అందుకే వేశాను. జాలితో వేసి ఉంటే పిల్లలు ఇట్టే పసిగట్టేవారు. ఎవడి ప్రతిభ ఎందులో ఉందో నీకు ముందే తెలిసి ఉండాలి. అలాంటి రోజుల్లో అది అక్కరకొస్తుంది. మీ ఊళ్ళో ఏ పిల్లల్ని అటుపక్కకి తోస్తారో నాకు తెలీదు. కశ్మీరీ శాలువాలు అమ్ముకునేవాళ్ళ పిల్లలో, బీహార్ నుంచి వచ్చిన కూలీల పిల్లలో, మరెవరో. ఎవరో ఒకరు ఉంటారు. బడి తెరిచిన మొదటి వారం ఖాళీ పీరియడ్డులో పిల్లలు వాళ్ళంతట వాళ్ళు ఏం ఆడుతున్నారో మేడ మీంచి పది నిమిషాలు చూడు. నీ టైంటేబుల్ ఆ తర్వాత వేసుకో.

ఒక జాగ్రత్త మాత్రం అన్నిటికంటే ముందు. మొదటి రోజు పిల్లల్ని గ్రౌండులోకి వదిలేముందు పెద్దవాళ్ళు అంగుళం అంగుళం నడిచి చూడాలి. చెట్ల కింద, డాబా మీద, పక్క పొలంలో. లోహపు ముక్క, తీగ, ప్లాస్టిక్ రెక్క ఏది కనబడినా ముట్టుకోకుండా పోలీసులకి ఫోన్. ఇది పిల్లలకి పాటలాగా కట్టి నేర్పు. బంతి పొదలోకి పోతే వాళ్ళు ఆగరు.

ఏ ఆటలు? గుంపు ఎక్కువ చేరనివి, బడి గోడకి దగ్గరగా ఆడేవి, సామాను పెద్దగా అక్కర్లేనివి. కబడ్డీకి ఏడుగురు, గీతలు గీయడానికి ఒక పుల్ల చాలు. మీ పంజాబ్ వాళ్ళకి గుండ్రని గీతలో ఆడే కబడ్డీ ఉంది కదా, అదే ఆడనీ, మనది రుద్దకు. ఖోఖో, టెన్నికాయిట్ ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి ఆడొచ్చు. బయటూళ్ళకి పోటీలకి వెళ్ళడం ఈ ఏడాది వద్దనుకుంటే క్లాసుల మధ్యే లీగ్ పెట్టు, కానీ తేదీలు వేసి నోటీసు బోర్డు మీద అంటించు. పిల్లాడికి వచ్చే బుధవారం మ్యాచ్ ఉందంటే వచ్చే బుధవారం ఉంటుందన్న నమ్మకం. పెద్దల్లో ఎవరైనా "యుద్ధంలో ఆటలా" అంటే చెప్పు, రెండో ప్రపంచ యుద్ధం జరిగినన్నేళ్ళూ రంజీ ట్రోఫీ ఒక్క ఏడాది కూడా ఆగలేదు. మొన్న ఐపీఎల్ మే 9న ఆపి, 17కల్లా మళ్ళీ మొదలెట్టారు. కోట్ల రూపాయల ఆట వారానికే తిరిగొస్తే, మన ఆరో తరగతి ఖోఖో ఎందుకు రాకూడదు?

స్ట్రెచర్ మోయడం, బకెట్లు చేతులు మార్చుకుంటూ నీళ్ళు అందించడం, కట్టు కట్టడం, వీటిని డ్రిల్లు పేరుతో కాకుండా పందేలుగా పెట్టు. రెండు వెదురు కర్రలు, రెండు గోనెసంచులు ఉంటే స్ట్రెచర్ తయారు. మా పిల్లలు నన్నే మోశారు, రెండుసార్లు పడేశారు, మూడోసారి బాగా మోశారు. కర్రల్ని తుపాకుల్లా భుజాన పెట్టించి కవాతు చేయించమంటే మాత్రం వద్దను. అది చూడ్డానికి వచ్చిన వాళ్ళ సరదా, పిల్లలకి దానితో ఒరిగేదేమీ లేదు. యుద్ధం అయ్యాక మా ట్రెంచీల్లో ఒకదాన్ని ఇసుకతో నింపి లాంగ్‌జంప్ పిట్ చేశాం. మిగతావి పూడ్చాం.

క్లబ్బుల గురించి ఎక్కువ చెప్పను, నీ దగ్గరే ఆలోచనలున్నాయి. మూడు ముక్కలు చెబుతాను.

చందాలు వసూలు చేసే క్లబ్బు పెడితే మూత వేసిన డబ్బా పెట్టు, పేర్లు చదవకు. 1962లో జాతీయ రక్షణ నిధికి జనం ఒంటి మీది బంగారం ఇచ్చారు. మా బడిలో ఎవరు ఎంతిచ్చారో ప్రార్థనలో చదివేవాళ్ళం. ఒక పిల్లాడు పేరు చదివించుకోవడానికి వాళ్ళమ్మ పోపులడబ్బాలో దాచుకున్న రూపాయి తెచ్చాడు. ఆమె బడికొచ్చి ఏడ్చింది. అడగలేక ఏడ్చింది.

ఉత్తరాల క్లబ్బు మంచిదే. డెబ్బయ్యొకటిలో శరణార్థుల సహాయానికని ప్రతి ఉత్తరం మీదా ఐదు పైసల స్టాంపు అదనంగా అంటించాలని నవంబర్ 15 నుంచి రూలు పెట్టారు. కోటిమంది దాకా తూర్పు బెంగాల్ నుంచి వచ్చిపడ్డారు మరి. ఆ స్టాంపు చూపించి సాంఘిక శాస్త్రం మాస్టారు శరణార్థి అంటే ఎవరో పాఠం చెప్పారు, పుస్తకంలో లేని పాఠం. జవాన్లకి ఉత్తరాలు రాయించాం. అన్నీ "వీర జవానులారా" అని మొదలై ఒకేలా ఉన్నాయి, బోర్డు మీద రాసింది చూసి దించినవే కదా. ఒక్క ఏడో తరగతి పిల్ల మాత్రం వాళ్ళ మేక ఈనిందనీ, రెండు పిల్లల్లో ఒకటి కుంటిదనీ రాసింది. కొట్టేద్దామనుకుని, పోనీలే అని పంపాను. జవాబు వచ్చింది ఆ ఒక్క ఉత్తరానికే. కుంటి మేకపిల్ల ఎలా ఉంది అని అడిగాడు ఆయన.

మూడోది మీ ఊరికే ప్రత్యేకం. మీ పిల్లల తాతల్లో, నానమ్మల్లో 65లో, 71లో ఊళ్ళు వదిలి వెళ్ళినవాళ్ళుంటారు. అమ్మానాన్నలకి 2016 సెప్టెంబర్ గుర్తుంటుంది, సరిహద్దుకి పది కిలోమీటర్లలోపు ఊళ్ళు ఖాళీ చేయించినప్పటిది. ఇంకా ముసలివాళ్ళకి దేశవిభజన. వారానికొకర్ని బడికి పిలిచి, టీ ఇచ్చి, తిరిగి వచ్చిన రోజు గురించి అడిగించు. వెళ్ళిన రోజు గురించి వాళ్ళే చెబుతారు. తిరిగొచ్చి మొదట ఏం చేశారు, పొయ్యి ఎప్పుడు వెలిగించారు, గేదెలు దొరికాయా, బడి ఎన్నాళ్ళకి తెరిచారు, అని పిల్లలు అడిగి రాసుకోవాలి. వీలైతే హుస్సేనీవాలా తీసుకెళ్ళు. భగత్ సింగ్, రాజగురు, సుఖదేవ్‌ల స్మారకం సట్లెజ్ ఒడ్డున ఉందిగా. 71లో దానికీ దెబ్బ తగిలింది, తర్వాత మళ్ళీ కట్టారు. అక్కడ నువ్వు ఉపన్యాసం ఇవ్వకు, పిల్లల్ని తిరగనీ. ఎండకి టోపీలు, నీళ్ళ సీసాలు మర్చిపోకు.

నువ్వు నిద్రపోతున్నావా? మీ అమ్మ పోవడం లేదంటోంది. రాత్రి పడుకునేముందు ఫోన్ వంటింట్లో పెట్టెయ్. సైరన్ మోగితే ఊరంతా వింటుంది, నీ ఫోన్ చెప్పక్కర్లేదు.

చివరిగా పార్సెల్ సంగతి. అరవయ్యైదులో మా ఆడపిల్లల కుట్టుపని క్లబ్బు జవాన్లకి స్వెట్టర్లు అల్లింది. ఏనాడూ చలి ఎరగని సముద్రపు ఊళ్ళో స్వెట్టర్ అంటే ఏమిటో చూసినవాళ్ళే తక్కువ. ఒక చెయ్యి మోకాలి దాకా, ఒక చెయ్యి మోచేతి దాకా వచ్చింది. టీచరమ్మ తల పట్టుకుని, ఇక మఫ్లర్లే అల్లండి అంది. మఫ్లర్‌కి చేతులుండవు కదా. మిగిలిన ఖాకీ ఉన్ని బోలెడంత. అప్పుడే బాల్ బ్యాడ్మింటన్ బంతులు అయిపోయాయి, కొనడానికి డబ్బుల్లేవు. ఆ ఉన్నితో పిల్లలే బంతులు చుట్టారు. పసుప్పచ్చగా ఉండాల్సిన బంతి మట్టి రంగులో, సాయంత్రమైతే కనబడేది కాదు. ఇసుకలో వెతుక్కుంటూ ఆడారు. వంకర బంతి ఎటు ఎగురుతుందో తెలియక మా జట్టు అన్నిరకాల దెబ్బలకీ అలవాటుపడి, ఆ ఏడాది తాలూకా పోటీల్లో నెగ్గింది.

ఆ ఆట మీ వైపు పెద్దగా ఎవరికీ తెలియదనుకుంటాను. పక్కకి ఐదుగురు, ఇరవైనాలుగు మీటర్లకి పన్నెండు మీటర్ల చోటు, అంతే. ఉన్ని బంతి కనుక శబ్దం ఉండదు, ఎవరికి తగిలినా దెబ్బ ఉండదు. చప్పుడంటేనే ఉలిక్కిపడే పిల్లలకి ముందు ఇది పెట్టు, ఫుట్‌బాల్ తర్వాత. నాలుగు బ్యాట్లు, డజను పసుప్పచ్చ బంతులు, రెండు ఉండలు పసుప్పచ్చ ఉన్ని పంపిస్తున్నాను. ఉన్ని నువ్వు అల్లడానికి కాదు, బంతి పాడైతే పైన చుట్టడానికి. తడవనివ్వకు, తడిస్తే బరువెక్కి బ్యాటు తీగలు తెంపుతుంది.

జులై మొదటి వారం ప్రార్థనకి ఎంతమంది వచ్చారో, ఎవరెవరు రాలేదో నాకు రాయి.

మీ తాతయ్య